పాత అత్తరు: వెతకడం, గుర్తించడం, పూసుకోవడం

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాత ఇళ్ళలో దొరికే అరుదైన పరిమళం చాలావరకు అత్తరే. పారిస్ సెంటు సీసాలు ఎక్కువగా హైదరాబాద్ దేవిడీల దగ్గరే ఆగిపోయాయి. ఊళ్ళలోని గడీలకు, పట్వారీల ఇళ్ళకు, తాలూకా కచేరీ ఉద్యోగుల లోగిళ్ళకు వచ్చింది చార్మినార్ దగ్గర కొన్న తులం, అర తులం అత్తరు. పెండ్లికి కొన్నవి, అజ్మీర్ వెళ్ళినప్పుడు తెచ్చుకున్నవి, కొత్త అల్లుడికి పెట్టినవి కొన్ని ఇప్పటికీ సందుగల అడుగున పట్టుచీరల మడతల్లో పడి ఉన్నాయి. వాటిని ఎక్కడ వెతకాలో, మంచిదాన్ని ఎలా పోల్చుకోవాలో, ఎంత పూసుకోవాలో, పాలమూరు ఎండ నుంచి ఎలా కాపాడుకోవాలో తెలిస్తే మామూలు సంపాదన ఉన్నవారు కూడా గొప్ప పరిమళాన్ని రోజువారీ జీవితంలోకి తెచ్చుకోవచ్చు.

పాత పరిమళం రెండు విధాలు. ఒకటి, నిజంగానే ఏళ్ళ తరబడి సీసాలో ఉన్నది. రెండోది, ఈమధ్య తీసినదే అయినా పాత పద్ధతిలో, పాత దినుసులతో తీసినది. మొదటిది దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. రెండోది తెలిసి వెతికితే దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు రెండోదానితో ముక్కును సిద్ధం చేసుకొని మొదటిదాని జోలికి వెళ్ళడం మేలు. మంచి అత్తరు ఎలా ఉంటుందో ఎరగని ముక్కుకు పాత సీసాలో ఉన్నది గొప్పదో చెడిపోయిందో తెలియదు.

ఈ నేలకు దీనితో ఉన్న సంబంధం

కొలనుపాక, పానగల్లు, జడ్చర్ల దగ్గరి గంగాపురం ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల ఏలుబడిలోవి. ఆ వంశపు రాజు మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో రాజు అనుభవించే సుఖాలను వర్ణిస్తూ స్నానానికి, ఒంటికి పూసుకునే గంధాలకు, ధూపానికి వేర్వేరు ప్రకరణాలు కేటాయించాడు. గంధం నూరడం, కలపడం, ఆరబెట్టడం రాజనీతితో పాటు ఒకే గ్రంథంలో చోటు చేసుకోదగ్గ విద్యగా ఆ కాలం భావించింది. తరువాతి శతాబ్దాల్లో కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. కస్తూరి, కర్పూరం దూరదేశాల నుంచి ఓడల్లో తెప్పించి అమ్మిన మనిషి కావ్యానికి కృతిపతి అయ్యాడంటే ఆ వ్యాపారానికున్న గౌరవం తెలుస్తుంది.

అత్తరు అన్న రూపంలో ఈ జిల్లాల్లో స్థిరపడింది మాత్రం ఆసఫ్‌జాహీల కాలంలో. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగానే వచ్చింది. ఆయన బట్టల బీరువా పురానీ హవేలీలో ఒక పక్క భవనం పొడవునా ఉంటుంది. అక్కడి నిజాం మ్యూజియంలో పాల్వంచ రాజు కానుకగా ఇచ్చిన, రాళ్ళు పొదిగిన వెండి తీగపని అత్తరుదానులు ఉన్నాయి. అత్తరు పాత్రలంటే ఏమిటో కళ్ళారా చూడదలచినవారికి అదే మొదటి మజిలీ. దాని తరువాత సాలార్‌జంగ్ మ్యూజియంలోని బిద్రీ సామాను చూస్తే పాత ఇంటి అటకమీద దొరికిన నల్లటి చిన్న డబ్బా పాన్‌దానో, అత్తరుదానో తేల్చుకోవడం సులువవుతుంది.

రాజుల సంగతి అలా ఉంచితే, ఊరి జనానికి ఈ వాసన తెలిసింది దర్గాల దగ్గర, పీరీల చావిడి దగ్గర. జనవరిలో జరిగే జాన్‌పహాడ్ ఉర్సులో గంధం ఊరేగింపు ముఖ్యమైన ఘట్టం. నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్టకు ఉర్సు రోజున అన్ని కులాలవారూ, మతాలవారూ ఎక్కుతారు. మొహర్రంలో పీరీలకు దట్టీలు కట్టి ఊదు వేసేటప్పుడు లేచే పొగ ఈ రెండు జిల్లాల్లో పుట్టినవారు ఎంత దూరం వెళ్ళినా మరచిపోలేని వాసన. అత్తరును గుర్తుపట్టడం నేర్చుకునేవారికి ఇది పెద్ద ఆస్తి. చందనం, సాంబ్రాణి, గులాబీ ఎలా ఉంటాయో ముక్కుకు ముందే తెలుసు, వాటిని పేరుపెట్టి పిలవడమే మిగిలింది.

అత్తరు ఎలా తయారవుతుంది, పాతది ఎందుకు అరుదైంది

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ ఇప్పటికీ ఈ పనికి కేంద్రం. దేగ్ అనే పెద్ద రాగి కాగులో పూలు, నీళ్ళు పోసి మూతచుట్టూ మట్టి, దూది మెత్తి బిగిస్తారు. కింద కట్టెల మంట. కాగు నుంచి వెదురు గొట్టం వంగి భప్కా అనే మరో రాగి పాత్రలోకి వెళుతుంది. ఆ పాత్ర నీటి తొట్టిలో మునిగి ఉంటుంది, దాని అడుగున చందన తైలం ఉంటుంది. పూల ఆవిరి గొట్టం గుండా వచ్చి చల్లబడి ఆ తైలంలో కలుస్తుంది. మరునాడు నీటిని వంచేసి తైలాన్ని అలాగే ఉంచి మళ్ళీ కొత్త పూలు వేస్తారు. ఇలా చందనానికి పూల వాసన పూర్తిగా పట్టేవరకు రోజుల తరబడి సాగుతుంది. మంట ఎంత ఉండాలో, తొట్టిలో నీళ్ళు ఎప్పుడు మార్చాలో చేత్తో తాకి చెప్పేవాడే అక్కడ పనివాడు. చివర తోలు కుప్పెలో పోసి ఎండలో ఉంచితే మిగిలిన తేమ తోలు గుండా బయటికి పోయి అత్తరు మిగులుతుంది.

ఈ మొత్తంలో కీలకం అడుగున ఉన్న చందన తైలం. దానికి సొంత వాసన మెత్తగా ఉంటుంది, నెమ్మదిగా ఆవిరవుతుంది, తనలో కలిసిన పూల వాసనను త్వరగా పోనివ్వదు. ఆల్కహాల్ సెంటు గుప్పున లేచి గంటల్లో పలచబడేది, అత్తరు ఒంటిని అంటిపెట్టుకొని ఉండేది ఇందుకే. చందన చెట్టు చేవలో తైలం పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. చెట్లు తరిగిపోయి అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం జాబితాలో మన చందనం ముప్పున్న జాతిగా నమోదైంది. తైలం ధర కిలో లక్ష రూపాయలు ఎప్పుడో దాటింది. దాంతో చాలామంది తయారీదారులు చందనం స్థానంలో పారఫిన్ నూనె, కృత్రిమ ద్రావకాలు వాడడం మొదలుపెట్టారు. పాత సీసాకు విలువ వచ్చింది అందువల్లే. పాతది కావడం ఒక్కటే గొప్ప కాదు, అందులో అసలు చందనం ఉండడానికి అవకాశం ఎక్కువ.

పాశ్చాత్య సెంట్లలోనూ ఇలాంటిదే జరిగింది. షానెల్ నంబర్ 5 వచ్చింది 1921లో, మొగలుల షాలిమార్ తోటల పేరుతో గెర్లాన్ షాలిమార్ వచ్చింది 1925లో. ఆ పేర్లతోనే ఇప్పటికీ అమ్ముతున్నా లోపలి కూర్పు మారుతూ వచ్చింది. చర్మానికి పడవని తేలిన కొన్ని దినుసులను పరిశ్రమే తగ్గించింది, కొన్నింటిని మానేసింది. ఓక్ చెట్ల మీద పెరిగే లైకెన్ నుంచి తీసే దినుసు వాటిలో ఒకటి. మనవైపు బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. హినా, శమామా అత్తర్లలో అడుగున వినిపించే తడి చెక్క వాసన చాలావరకు దానిదే.

ముక్కుకు అక్షరాభ్యాసం

దుకాణానికి వెళ్ళే ముందు చేయవలసిన పని ఇంట్లోనే ఉంది. పచారీ కొట్లో, పూజాసామగ్రి దుకాణంలో దొరికే దినుసులను ఒక్కొక్కటిగా తెచ్చుకొని పరిచయం చేసుకోవాలి. వట్టివేళ్ళు, సానమీద అరగదీసిన చందనం, జటామాంసి, తుంగముస్తలు, కచ్చూరాలు, రాతిపువ్వు, లవంగం, కుంకుమపువ్వు, సాంబ్రాణి. ఒక్కోదాన్ని పొడిగా, తడిపి, వేడిచేసి వాసన చూడాలి. వట్టివేళ్ళ కట్ట పొడిగా ఉన్నప్పుడు ఎండుగడ్డిలా ఉంటుంది, నీళ్ళు చల్లగానే చెరువు గట్టు వాసన వస్తుంది. కళ్ళు మూసుకొని ఏది ఏదో చెప్పగలిగే దాకా ఈ అభ్యాసం సాగాలి. తొందర వద్దు. రోజుకు ఒక్క దినుసు చాలు. ఒక చిన్న పుస్తకంలో ఆ దినుసు దేన్ని గుర్తుకు తెచ్చిందో రాసుకుంటే, తరువాత దుకాణంలో అత్తరు ముందు నిలబడినప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి.

ఈ అభ్యాసం తరువాత మొదట వెతకవలసింది, ఈ రెండు జిల్లాలవారికి ప్రత్యేకంగా, మట్టి అత్తరు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఎక్కువభాగం చెల్క నేలలు. మృగశిర కార్తెలో మొదటి వాన చినుకు ఎర్రచెల్క మీద పడినప్పుడు లేచే వాసనకు ఎదురుచూసినంతగా ఇక్కడివారు మరి దేనికీ ఎదురుచూడరు. ఆ వాసనకు కారణాలను ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ పరిశీలించి 1964లో నేచర్ పత్రికలో ప్రచురించారు. ఎండకాలమంతా పొడి నేల, రాళ్ళు పీల్చుకున్న నూనెలు తేమ తగలగానే బయటికి వస్తాయి. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం దానికి తోడవుతుంది. మనిషి ముక్కు దీన్ని నమ్మలేనంత స్వల్ప మోతాదులో కూడా పసిగడుతుంది. కన్నౌజ్ పనివారికి ఈ రసాయన శాస్త్రంతో పనిలేకుండానే దారి తెలుసు. ఎండిన మట్టిని కాల్చి, ఆ పెంకులను దేగ్‌లో వేసి, ఆవిరిని చందన తైలంలోకి పట్టారు. మంచి మట్టి అత్తరు పూసుకోగానే తడిసిన కుండ వాసన వస్తుంది, గంట తరువాత చందనంలోకి జారుతుంది. ముక్కుకు ముందే తెలిసిన వాసన కాబట్టి అసలు నకిలీ తేడా కూడా ఇందులోనే త్వరగా పట్టుబడుతుంది. నకిలీలో తడి ఉండదు, ఘాటైన ధూళి వాసన ఒక్కటే ఉంటుంది, గంటయినా మారదు.

మట్టి తరువాత రూహ్ ఖస్. ఇది వట్టివేళ్ళ తైలం, రాగి పాత్రలో తీసింది పచ్చగా ఉంటుంది. ఆ తరువాత మజ్మువా. ఖస్, మొగలి, మట్టి, కదంబం కలిపే పాత కూర్పు ఇది. చివరగా హినా, శమామా. మొదటిసారి వాసన చూసినవారిలో చాలామంది వీటిని దూరం పెడతారు. మొదటి పది నిమిషాలు ఆయుర్వేద మందుల కొట్టులో నిలబడినట్టు ఉంటుంది, చేదుగా, కర్కశంగా. అర గంటకు లవంగం, జాజికాయ విడివిడిగా తెలుస్తాయి. మధ్యాహ్నానికి కుంకుమపువ్వు వెచ్చదనం పైకి వస్తుంది. సాయంత్రం మణికట్టు మీద మిగిలేది చందనం, రాతిపువ్వు, కొంచెం పొగ. పొద్దున నచ్చనిదాన్ని సాయంత్రం వదలబుద్ధి కాదు. పాత అత్తరును ఒక్క వాసనతో తేల్చేయకూడదని చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ లేదు. గోరింట పూల నుంచి తీసే గుల్ హినా దీనికి భిన్నం, తేలికగా తియ్యగా ఉంటుంది. కొనేటప్పుడు ఏది అడుగుతున్నామో స్పష్టంగా చెప్పాలి.

దుకాణంలో

రెండు జిల్లా కేంద్రాల నుంచీ హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి, లాడ్ బజార్ చుట్టూ అత్తరు దుకాణాలు ఉన్నాయి. రంజాన్ రాత్రులు అక్కడి సందడి చూడదగ్గదే, కాని తీరిగ్గా వాసన చూసి కొనడానికి అది సమయం కాదు. మామూలు రోజుల్లో దుకాణం తెరిచిన కాసేపటికి వెళితే అమ్మేవారికీ తీరిక ఉంటుంది, ముక్కూ తాజాగా ఉంటుంది. తలకు వాసన నూనె, ఒంటికి పౌడరు లేకుండా వెళ్ళాలి. పాత సీసాలు, అత్తరుదానులు కావాలంటే గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్‌లో ఓపిగ్గా తిరగాలి.

ఒక విడతలో మూడింటికి మించి చూడకూడదు. ఆ తరువాత ముక్కు అన్నింటినీ ఒకటే అంటుంది. కాఫీ గింజలు వాసన చూస్తే తేరుకుంటుందన్న మాట బాగా వ్యాపించింది గాని, నాలుగు అడుగులు బయటికి వేసి మామూలు గాలి పీల్చినా అంతే ఫలితం. నచ్చినదాన్ని మణికట్టు మీద రాయించుకొని, కొనకుండా, ఊరంతా తిరిగి సాయంత్రం బస్సు ఎక్కే ముందు మళ్ళీ చూసుకోవాలి. అప్పటికీ బాగుంటే పావు తులం కొనాలి. తులం సీసాలో సుమారు 12 మిల్లీలీటర్లు, పావు తులంలో 3. సరిగ్గా వాడితే ఆ మూడు మిల్లీలీటర్లే నెలల తరబడి వస్తాయి.

ధరే మొదటి పరీక్ష. ఒక కిలో గులాబీ తైలానికి మూడు నాలుగు టన్నుల పూలు కావాలి, దానికి చందన తైలం తోడు. వంద రూపాయలకు తులం అసలు గులాబీ అత్తరు రావడం అసాధ్యమని లెక్కే చెబుతుంది. రెండో పరీక్ష కాగితం. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మరునాడు చూడాలి. పరిమళం ఇంకా నిలిచి ఉంటే మంచిదే. వాసన పూర్తిగా పోయి జిడ్డు మరక ఒక్కటే మిగిలితే పారఫిన్ పాలు ఎక్కువ. గాఢమైన ఆల్కహాల్‌లో చుక్క వేస్తే చందన తైలం కలిసిపోతుంది, పారఫిన్ కలవక విడిగా ఉండిపోతుంది. ఆముదం మాత్రం ఆల్కహాల్‌లో కలిసిపోతుంది. ఆముదం పంటకు పేరున్న ఈ జిల్లాలవారు ఆ కల్తీని వేళ్ళతోనే పట్టగలరు, ఆ చిక్కదనం, బంక చేతికి తెలుస్తాయి. అసలైన గులాబీ తైలానికి ఇంకో గుర్తు ఉంది, చలికాలం చల్లటి పొద్దున అది గడ్డకట్టి, అరచేతిలో సీసాను పట్టుకుంటే కరుగుతుంది.

కొన్నింటిని ఎంత బతిమాలినా కొనకూడదు. కస్తూరి మృగం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉంది. అసలు కస్తూరి అని ఎవరైనా అమ్మజూపితే అది అబద్ధమైనా కావాలి, నేరమైనా కావాలి. పత్రికల్లో తిమింగలం వాంతి అని రాసే అంబర్‌గ్రిస్ కొనడం, అమ్మడం కూడా మన దేశంలో నేరమే. ఎర్రచందనం అత్తరు అన్న పేరును నమ్మవద్దు, ఎర్రచందనం చెక్కకు చెప్పుకోదగ్గ సువాసన లేదు, దాని విలువంతా రంగులో, చేవలో ఉంది.

సందుగలో దొరికిన సీసా

ఇంట్లో పాత సీసా దొరికితే వెంటనే తెరవకూడదు. ముందు వెలుతురులో పెట్టి చూడాలి. నూనె ముదురు రంగుకు తిరగడం సహజం, తేలుతున్న పోగులు, అడుగున మడ్డి మాత్రం అనుమానించవలసినవి. గాజు బిరడా బిగుసుకుపోతే బలవంతంగా తిప్పితే మెడ విరుగుతుంది. బిరడా చుట్టూ ఒక చుక్క కొబ్బరినూనె వేసి రాత్రంతా వదిలి, మరునాడు గోరువెచ్చని గుడ్డ మెడకు చుట్టి నెమ్మదిగా అటూ ఇటూ కదిలిస్తే వదులవుతుంది. తెరవగానే వచ్చే మొదటి వాసనను లెక్కలోకి తీసుకోకూడదు. మెడ దగ్గర గాలి తగిలిన భాగమే ముందు పాడవుతుంది కాబట్టి తొలి వాసన పుల్లగానో, వార్నీషులాగానో ఉండవచ్చు. ఒక చుక్క దూది మీద వేసి గంట ఆగాలి. నిమ్మ, నారింజ జాతి వాసనలు ముందుగా చచ్చిపోతాయి. చందనం, ఖస్, పచ్చాకు (ప్యాచౌలీ) వంటి బరువైనవి ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా మెత్తబడతాయి. గంట తరువాత దూదిలో చందనం పలికితే ఆ సీసా బతికి ఉన్నట్టే.

దినుసులు తెలియని పాత పరిమళాన్ని నేరుగా ఒంటికి రాయకూడదు. పాత సెంట్లలో వాడిన కొన్ని కృత్రిమ కస్తూరులు, బెర్గమోట్ నూనె వంటివి ఎండ తగిలినప్పుడు చర్మం మీద నల్లమచ్చలు, దద్దుర్లు తెస్తాయి. నడినెత్తిన ఎండ కొట్టే ప్రాంతంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. తెలియని సీసాను దస్తీకి పరిమితం చేయాలి. తెలిసినదాన్ని కూడా మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒక రోజు చూసి, దురద, ఎర్రదనం లేకపోతేనే వాడాలి. ఉబ్బసం ఉన్నవారు, చంటిపిల్లల తల్లులు ఒంటికి రాసుకోకపోవడమే మంచిది.

పూసుకునే తీరు

అత్తరును చల్లుకోరు, అంటించుకుంటారు. బిరడా కాడకు అంటినంత నూనె ఒక మనిషికి సరిపోతుంది. ఎడమ మణికట్టు మీద రాసి, దాన్ని కుడి మణికట్టుకు ఆనించి, మిగిలినది చెవుల వెనక తాకించాలి. పాతకాలపువారు చిన్న దూది ఉండను అత్తరులో ముంచి చెవి పైమడతలో పెట్టుకునేవారు. దీన్ని ఫాయా అంటారు. ఒంటికి నూనె తగలకుండా రోజంతా పరిమళం అందే పద్ధతి ఇది, చర్మం సున్నితంగా ఉన్నవారికి ఇప్పటికీ ఇదే ఉత్తమం.

ఈ ఎత్తు ప్రాంతాల గాలి పొడిది. పొడి గాలిలో, పొడి చర్మం మీద పూల వాసనలు త్వరగా ఎగిరిపోతాయి. స్నానం కాగానే, తడి పూర్తిగా ఆరకముందే, వాసనలేని నూనె కొంచెం రాసి దానిపైన అత్తరు అంటిస్తే ఎక్కువసేపు నిలుస్తుంది. ఎండకాలానికి ఖస్, మొగలి, మల్లె. వానాకాలానికి మట్టి. దసరా దాటి చలి మొదలయ్యాక హినా, శమామా, ఊద్ (అగరు). ఏప్రిల్ మధ్యాహ్నం శమామా పూసుకొని బయలుదేరితే పూసుకున్నవారికీ తలనొప్పి, పక్కవారికీ తలనొప్పి.

బట్టల విషయంలో ఈ రెండు జిల్లాలవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఇంట్లో ఉండేవి మామూలు బట్టలు కావు గనుక. గద్వాల చీర పట్టంచు మీద, నారాయణపేట చీర మీద, 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్ మీద అత్తరు చుక్క పడితే నూనె మరక పోదు. చీర కట్టుకునే ముందే ఒంటికి అంటించుకొని, పూర్తిగా ఇంకాక కట్టుకోవాలి. నూలు బట్ట పరిమళాన్ని బాగా పట్టి ఉంచుతుంది. అందులోనూ పుట్టపాక తేలియా రుమాలుది ప్రత్యేకత. నేతకు ముందు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. బట్టకు ఆ నూనె వాసన, మెత్తదనం ఏళ్ళ తరబడి ఉంటాయి. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ రుమాలు ఒకప్పుడు అరబ్ దేశాలకు ఎగుమతయ్యేది. దాని మీద గులాబీ, మల్లె నిలవవు, బట్ట సొంత వాసనతో తగవు పడతాయి. ఖస్, మట్టి మాత్రం చక్కగా కలిసిపోతాయి. రుమాలు మూలకు లోపలివైపున అంటిస్తే మరక కనిపించదు.

పరిమళం చేయి చాపినంత దూరం దాటకూడదన్నది మంచి కొలత. దగ్గరికి వచ్చి పలకరించినవారికి తెలియాలి, గది అవతల కూర్చున్నవారికి కాదు. పూసుకున్నవారి ముక్కు అరగంటలో అలవాటుపడి వాసన పోయిందనుకుంటుంది, అందుకే మళ్ళీ రాసుకోవాలనిపిస్తుంది. అది పొరపాటు. ఇంట్లోవారిని అడిగి తేల్చుకోవాలి. కిక్కిరిసిన బస్సుకు, ఆస్పత్రికి, పరీక్ష హాలుకు అత్తరు వద్దు. పెండ్లికి, ఉర్సుకు, పండుగ పలకరింపులకు పూసుకోవాలి. వచ్చిన అతిథి చేతి వెనకభాగాన బిరడాతో సన్నని గీత గీసి అత్తరు అందించే మర్యాద పాత ఇళ్ళలో ఉండేది. అది తిరిగి అలవాటు చేసుకోదగ్గదే. ఖర్చు ఒక చుక్క, ఆదరణ రోజంతా.

దాచడం

వెలుతురు, వేడి, గాలి పరిమళానికి శత్రువులు. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో 1990లో స్థాపించిన ఓస్మోథెక్ అనే సంస్థ పాత సెంట్లను 12 డిగ్రీల దగ్గర, సీసాల్లో గాలికి బదులు ఆర్గాన్ వాయువు నింపి భద్రపరుస్తుంది. ఇంట్లో అంత సాధ్యం కాదు గాని సూత్రం ఒకటే. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళలో రేకుల కప్పు కింది ఇనుప బీరువా పై అర అత్తరుకు పనికిరాదు. చెక్క పెట్టెలో గుడ్డ చుట్టి నేలకు దగ్గరగా, లోపలి గదిలో ఉంచాలి. ప్లాస్టిక్ డబ్బాలు, రబ్బరు మూతలు వద్దు, నూనె వాటిని తినేస్తుంది. సగం ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువ కాబట్టి మిగిలినదాన్ని చిన్న గాజు సీసాలోకి మార్చాలి. ఒక అత్తరు వేసిన సీసాలో ఇంకొకటి పోయకూడదు. పూర్తయిన సీసాను చీరల మధ్య మూత తీసి పెట్టడం మామూలే, అంతకు ముందు లోపలి నూనెను దూదితో తుడిచేయాలి.

ఎవరికోసమో అని దాచి ఉంచిన సీసాలే ఎక్కువగా పాడవుతాయి. తెరిచి వాడేవారి సీసా మీద చూపు ఉంటుంది, మూత వదులైతే, రంగు మారితే తెలుస్తుంది. అందుకని మంచి అత్తరును నెలకు ఒకసారైనా వాడాలి.

ప్రతి సీసాకు ఒక చిన్న చీటీ అంటించాలి. అత్తరు పేరు, కొన్న ఊరు, సంవత్సరం, ఎవరు తెచ్చారు అన్న నాలుగు వివరాలు చాలు. ఇంట్లో పేరులేని పాత సీసాలు ఉంటే వాటి పేర్లు చెప్పగలిగే నాయనమ్మలు, అమ్మమ్మలు, పక్కింటి ముస్లిం పెద్దలు ఈ రెండు జిల్లాల్లో ఇంకా ఉన్నారు. దూది మీద ఒక చుక్క వేసి వారి చేతికిచ్చి అడగండి, చెప్పింది చెప్పినట్టు ఆ చీటీ మీద రాసి పెట్టండి.